వాంపిర్: మూడుసార్లు పూర్తిచేసినా డాక్స్ దగ్గరే పేచీ

వాంపిర్ అనే వీడియో గేమ్‌లో షాన్ హాంప్టన్ అనే మనిషిని జాలిపడి వదిలేస్తే డాక్స్ అనే పేట మునుగుతుంది. ఈ ఆట మీద నాకున్న పేచీ అంతా ఇదే, మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

2018 జూన్‌లో వాంపిర్ విడుదలైనప్పుడు విమర్శకులు ఇంచుమించు ఒకే మాట చెప్పారు. కథ బాగుంది, లండన్ చీకటి బాగుంది, సంగీతం బాగుంది, కొట్లాట మొద్దుగా ఉంది, లోడింగ్ విసిగిస్తుంది. మార్కులు 70 చుట్టుపక్కల ఆగాయి. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే గడువు పెట్టుకుని ఒక్కసారి ఆడి రాసే సమీక్షకి అందని సంగతులు రెండున్నాయి. అందరూ ఆకాశానికెత్తిన, మనుషుల రక్తం "తాగాలా, వద్దా" అన్న ఊగిసలాట మొదటిసారి మాత్రమే పనిచేస్తుంది. ఎవరూ పెద్దగా పట్టించుకోని మందుల సంచీయేమో మూడోసారి కూడా కూర్చోబెడుతుంది. ఒకసారి ఒక్కరి రక్తమూ ముట్టకుండా, ఒకసారి అడపాదడపా తాగుతూ, ఒకసారి దొరికినవాళ్ళని దొరికినట్టు తాగేసి పూర్తిచేశాక చెబుతున్న మాట ఇది.

1918 నాటి లండన్, స్పానిష్ ఫ్లూ, రక్తపిశాచిగా మారిన డాక్టర్ జోనథన్ రీడ్‌గా మనం ఆడటం... ఇవన్నీ తెలిసినవే కాబట్టి నేరుగా సంచీ దగ్గరికి వద్దాం. ఆటలో డాక్స్, వైట్‌చాపెల్, పెంబ్రోక్ ఆసుపత్రి, వెస్ట్ ఎండ్ అని నాలుగు పేటలు. 60 మందికి పైగా మనుషులు. ప్రతివాళ్ళకీ ఓ పేరు, ఓ పని, ఓ చుట్టరికం, దాచుకున్న గుట్టు ఒకటి. పెంబ్రోక్‌లో రాకేష్ చడానా అని మన దేశపు డాక్టరు కూడా తగులుతాడు. రీడ్ మంచమెక్కి పడుకున్న ప్రతిసారీ రాత్రి మారుతుంది, ఎవరో ఒకరికి జలుబో నీరసమో తలనొప్పో పట్టుకుంటుంది. పట్టించుకోకపోతే ముదురుతుంది, ముదిరి ముదిరి న్యుమోనియా, సెప్సిస్ దాకా పోతుంది. మనవైపు వానలు వెలిసి జ్వరాలు మొదలయ్యే రోజుల్లో బండికి సంచీ తగిలించుకుని లంక గ్రామాల్లో ఇంటింటికీ తిరిగే ఆర్‌ఎంపీ డాక్టరుగారి పని ఎలా ఉంటుందో ఇక్కడి పనీ అచ్చం అంతే. ఆయన పగలు తిరుగుతాడు, ఈయన రాత్రి తిరుగుతాడు.

పడుకోబోయే ముందు మనుషుల పేజీ తెరిచి, ఏ పేటలో ఎవరి పక్కన రోగం గుర్తుందో చూసుకోవాలి. స్థావరంలో ఉండే బల్ల మీద మందు కలుపుకోవాలి, వెళ్ళి ఇవ్వాలి, ఆ తర్వాతే మంచమెక్కాలి. ప్రతి మందుకీ ముందుగా దాని తయారీ కాగితం దొరకాలి. క్వినైన్, కోడీన్, ఓపియం లాంటి సరుకు సొరుగుల్లోనూ చచ్చిన శత్రువుల జేబుల్లోనూ దొరుకుతుంది, చాలకపోతే అంగడిలో కొనుక్కోవాలి. కొత్తగా ఆడేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఉన్న డబ్బంతా కత్తులకీ తుపాకులకీ కావలసిన విడిభాగాల మీద పోసేసి, మందుల సరుక్కి చిల్లర కూడా మిగల్చరు. జలుబు, నీరసం, తలనొప్పి మందులు మూడేసి చొప్పున ఎప్పుడూ సంచీలో ఉంటే చాలు, సగం గండాలు రాకుండానే పోతాయి.

ఇంతకన్నా పెద్ద పొరపాటు మాటిమాటికీ పడుకోవడం. సంపాదించిన పాయింట్లతో శక్తులు పెంచుకోవాలంటే పడుకోవలసిందే. పడుకుంటే రోగాలు పెరుగుతాయి. కాబట్టి ఒక్క శక్తికి సరిపోగానే గబగబా మంచం దగ్గరికి పరుగెత్తకుండా, మూడు నాలుగింటికి కూడబెట్టి ఒకేసారి పడుకోవాలి. కొట్లాట కొంచెం కష్టమవుతుంది గానీ పేటలు నిలుస్తాయి.

రోగం నయం చేస్తే కాసిని పాయింట్లు వస్తాయి, దాంతోపాటు ఆ మనిషి రక్తం నాణ్యత మళ్ళీ పైకి లేస్తుంది. అంటే తాగేవాడికీ మందు పనికొస్తుంది. సంక్రాంతి బరి కోసం పుంజుకి బాదంపప్పు పెట్టి మేపినట్టన్నమాట. ఆటలో ఉన్న కొంటెతనమంతా ఇక్కడుంది, సమీక్షలు మెచ్చుకున్నదీ దీన్నే. దారిలో ఎదురయ్యే శత్రువుని చంపితే పాయింట్లు పదుల్లో వస్తాయి, గుట్టంతా తెలుసుకుని రోగం కుదిర్చిన మనిషిని తాగితే వేలల్లో వస్తాయి. గుట్టు తెలియాలంటే కబుర్లాడాలి, ఉత్తరాలు చదవాలి, పక్కవాళ్ళని అడగాలి, చాటుగా వినాలి. మాటల్లో ఒక్క తప్పు జవాబు ఎంచుకున్నారా, ఆ ఆచూకీ శాశ్వతంగా పోతుంది. మొదటిసారి ఆడేటప్పుడు ఇదంతా గుండెని నిజంగానే పిండుతుంది. రెండోసారికి ఎవరి దగ్గర ఎంతుందో ముందే తెలుసు. మనిషి మొహం వెనక్కిపోయి అంకె ముందుకొస్తుంది. అమాయకురాలైన ముసలమ్మ కన్నా ఎక్కువ అంకె ఉన్న దుర్మార్గుడు దొరికితే హాయిగా ఉంటుంది, అంతే. అప్పుడిక ఊగిసలాట ఏం మిగులుతుంది?

ఇక డాక్స్.

ప్రతి పేటకీ ఒక మూలస్తంభం లాంటి మనిషి ఉంటాడు. డాక్స్‌లో ఆ మనిషి షాన్ హాంప్టన్. రాత్రిపూట నిలువ నీడలేని జనానికి ఆశ్రయం నడిపే భక్తుడు. అతను స్కాల్‌గా మారిపోతాడు. స్కాల్ అంటే ఈ ఆట లెక్కలో పిశాచాల్లో అట్టడుగు జాతి. శవమాంసం తిన్నాడు, ఒప్పుకున్నాడు, దేవుడి దయవల్ల ఆకలిని అదుపులో పెట్టుకుంటున్నానంటాడు. రీడ్ ముందు మూడు దారులు: వదిలేయడం, బలవంతంగా తన రక్తం తాగించడం, అతన్నే తాగేయడం. గొంతు, మొహం, సంభాషణ అన్నీ కలిసి వదిలేయడమే మంచితనం అనిపించేలా రాశారు. రక్తం తాగించడం చూస్తే బలాత్కారంలా ఉంటుంది. వద్దు మొర్రో అంటున్నవాడి నోట్లో పోయడమే.

వదిలేస్తే ఏమవుతుందో వెంటనే తెలియదు. గుమ్మం దాటి వచ్చేస్తారు, ఆట ఎప్పటిలా తనంతట తానే సేవ్ చేసుకుంటుంది, కథ ఇంకో పేటకి లాక్కుపోతుంది. తీరా పడుకుని లేచాక డాక్స్ ఆరోగ్యం దిగజారి కనిపిస్తుంది. అప్పటికే అక్కడ ఇద్దరు ముగ్గురిని తాగి, జలుబులూ నీరసాలూ వదిలేసి ఉంటే అక్కడితో ఆగదు. పేట పూర్తిగా పడిపోతే మిగిలిన మనుషులందరూ ఒకేసారి పోతారు, అంగడివాళ్ళతో సహా. సగంలో ఉన్న చిన్న పనులూ వాళ్ళతోనే పోతాయి, వీధుల్లో శత్రువులు నిండుతారు. అదే హాంప్టన్‌కి బలవంతంగా రక్తం తాగించి ఉంటే అతనికి ఆకలి మీద అదుపు వచ్చేది, డాక్స్ నిలబడేది.

పోనీ, వదిలేయడం తప్పు, జోక్యం చేసుకోవడం ఒప్పు అన్న సూత్రం ఒకటి నేర్చుకుందామా అంటే వైట్‌చాపెల్ ఒప్పుకోదు. ఆసుపత్రికి తెలియకుండా బీదాబిక్కీకి మందులిచ్చే నర్సు డొరొతీ క్రేన్ దగ్గర సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఆమెని వదిలేస్తే పేట బాగుంటుంది, మంత్రించి మనసు మారిస్తే పేట దిక్కులేనిదవుతుంది. ఒకే మాటకి అక్కడో ఫలితం, ఇక్కడో ఫలితం. ఎందుకో ఆట చెప్పదు.

ఆలోచిస్తే జవాబు లేకపోలేదు. క్రేన్‌కి రోగం లేదు, చేస్తున్న పని ఉంది, దాన్ని చేయనిస్తే చాలు. హాంప్టన్ రోగి. దేవుడే చూసుకుంటాడులే అని రోగిని ఇంటికి పంపేసే డాక్టరు డాక్టరే కాదు. ఈ లెక్క నాకు మూడోసారికి గానీ తట్టలేదు, తట్టాక రాసినవాళ్ళ మీద గౌరవం పెరిగింది. కానీ అంత సూక్ష్మమైన ప్రశ్న అడిగే ఆట, జవాబు తప్పినప్పుడు వెనక్కి వెళ్ళే దారి ఉంచాలి కదండీ. ఇందులో మనం చేసుకునే సేవ్ లేదు. ఒక ఆటకి ఒకటే సేవ్, దాన్నీ ఆటే రాసుకుంటుంది. ఫలితం కనబడేసరికి పాత సేవ్ చెరిగిపోయి ఉంటుంది. నిర్ణయానికి బరువుండాలనే అలా పెట్టారని మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఆ బరువు 10 గంటల ఆట మీద పడినప్పుడు చాలామంది అక్కడే ఆపేస్తారన్నది వేరే సంగతి.

పీసీలో ఆడేవాళ్ళకి మందు ఉంది. యూజర్ ఫోల్డరులో కనబడకుండా ఉండే యాప్‌డేటా తెరిచి, అందులో లోకల్, అందులో ఏవీగేమ్, అందులో సేవ్డ్, ఆ లోపల సేవ్‌గేమ్స్. ఆట పూర్తిగా మూసేశాక ఆ ఫోల్డరు మొత్తాన్ని వేరేచోటికి కాపీ చేసి, పేరులో తేదీ, అధ్యాయం రాసుకోవాలి. వెనక్కి తెచ్చుకునేటప్పుడు ముందు స్టీమ్‌లో (ఆటలు అమ్మే, నడిపే యాప్) క్లౌడ్ సింక్ ఆపాలి. ఆపకపోతే మీరు పెట్టిన పాత సేవ్ మీద క్లౌడ్‌లోని కొత్తది వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. ఆట నడుస్తుండగా కాపీ చేస్తే సగం రాసిన ఫైలు చేతికొస్తుంది, పనికిరాదు. కన్సోల్లో ఆడేవాళ్ళకి ఇంత తేలికైన దారి లేదు.

ఈ కాపీ అలవాటు మన జిల్లాల్లో ఇంకో కారణానికీ కావాలి. గాలివానకో లైను పనికో చెప్పాపెట్టకుండా కరెంటు పోవడం మనకి కొత్తకాదు. సేవ్ గుర్తు తిరుగుతున్న ఆ రెండు క్షణాల్లో పోయిందంటే, ఉన్న ఒక్క ఫైలూ చెడే అవకాశం ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా పడొద్దు. వెనకాల మీట యూపీఎస్ మోడ్‌లో లేకపోతే కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులోనే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. విడిగా యూపీఎస్ కొనేటట్టయితే, గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టంకి 600 వీఏ చాలదు. మామూలు పనికి ఆగుతుంది గానీ ఆట మధ్యలో, కార్డు కరెంటు ఎక్కువ లాగుతున్నప్పుడు, బీప్‌మని చేతులెత్తేస్తుంది. 1000 వీఏ అయితే ఆట మూసి షట్‌డౌన్ చేసుకునేంత వ్యవధి ఇస్తుంది.

కొట్లాట గురించి ఎక్కువ చెప్పను. తాగుతూ ఆడితే సులువు, తాగకుండా ఆడితే గట్టు ఎక్కడమే. తాగనివాళ్ళు స్టామినా ముందు పెంచుకోవాలి, ఎడమచేతికి శత్రువుని తూలిపడేసే ఆయుధం పెట్టుకోవాలి. తూలినవాణ్ణి కొరికితే వచ్చే రక్తంతో ఆటోఫేజీ శక్తి వాడి గాయాలు మాన్పుకోవచ్చు. ఆయుధాన్ని బల్ల దగ్గర వీలైనంత పైకి తీసుకెళ్ళకుండా పిశాచాల వేటగాడు జెఫ్రీ మెకల్లమ్ ముందుకి వెళ్ళొద్దు. రక్తం ముట్టని ఆటకి అసలైన గోడ అతనే. 2018 సెప్టెంబరులో వచ్చిన అప్‌డేట్‌లో కథ మోడ్ అని ఒకటి పెట్టారు, కొట్లాట తేలికవుతుంది. దాంట్లో ఆడటానికి సిగ్గుపడక్కర్లేదు. లోడింగ్ గురించి విమర్శకులు అన్నదంతా పాత హార్డ్‌డిస్క్ మీద ఇప్పటికీ నిజమే, ఎస్‌ఎస్‌డీ మీద సగం బాధ తగ్గుతుంది.

మందుల సంచీయే మూడోసారి కూర్చోబెట్టిందన్నాను గదా. కథ సగం దాటాక అది కూడా కాళ్ళనొప్పులు తెప్పిస్తుంది. ఊళ్ళో ఎక్కడికైనా నడవాల్సిందే, ఒక పేట నుంచి ఇంకో పేటకి ఎగిరిపోయే సదుపాయం లేదు. వెస్ట్ ఎండ్‌లో ఒకరి జలుబుకి డాక్స్ నుంచి పరుగెత్తడం, దారిలో అవే సందుల్లో అదే గుంపుని మళ్ళీ చంపడం. పదోసారికి ఆర్‌ఎంపీ డాక్టరుగారికి దండం పెట్టాలనిపిస్తుంది. అందుకే ఒక పేటకి వెళ్ళినప్పుడు అక్కడి రోగాలన్నీ ఒకే విడతలో తీర్చేసి రావడం మేలు.

కొనాలా అంటే, మీ తీరిక మీద ఉంటుంది. నాకు రాత్రి 11 దాటాక గంటన్నర దొరుకుతుంది, నెమ్మదిగా మనుషులతో మాట్లాడుకునే ఆట నాకు సరిపోయింది. వారానికి ఒక ఆదివారం మాత్రమే ఆడేవాళ్ళకి ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుండదు, ఆచూకీలు తప్పుతాయి. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. లండన్ పేదల యాస, ఐరిష్ యాస చెవికి అందవు కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని చదివే ఓపిక ఉండాలి. కొట్లాట కోసమే అయితే నిండు ధర పెట్టొద్దు, సేల్ వచ్చేదాకా ఆగండి.

కొన్నవాళ్ళు ఒక్కటి చేయండి. హాంప్టన్‌ని కలవడానికి వెళ్ళే ముందు డాక్స్‌లో ఉన్న రోగాలన్నీ తీర్చి, ఆట మూసి, ఆ ఫోల్డరు కాపీ చేసి, అప్పుడు వెళ్ళండి. వెళ్ళాక వదిలేస్తారో, రక్తం తాగిస్తారో మీ ఇష్టం.