వన్‌టౌనా, ద్వారకానగరా: నడిచేవాళ్లకు ఏది మేలు?

విశాఖకు నడిబొడ్లు రెండు. రేవును ఆనుకుని పెరిగిన వన్‌టౌన్ ఒకటి, ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కన లేచిన ద్వారకానగర్ ఇంకొకటి. ఎత్తూ, అద్దాల మెరుపూ చూస్తే ద్వారకానగర్‌దే పైచేయి. కాలినడకన పనులు చక్కబెట్టుకునేవాళ్లకు మాత్రం వన్‌టౌనే మేలని నా మాట.

తేడా అంతా బిల్డింగు రోడ్డును కలిసే చోటే ఉంది. కురుపాం మార్కెట్ వైపు పాత కట్టడాలు ఒకదాన్నొకటి ఆనుకుని రోడ్డు అంచుదాకా వస్తాయి. అరుగెక్కితే కొట్టు. ఉత్తర దక్షిణాలుగా సాగే సందులో ఏడు మీటర్ల గోడ ఉంటే, సూర్యుడు పడమట 45 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి ఏడు మీటర్ల నీడ పడుతుంది, అంటే అంతకు మించని సందంతా నీడలో ఉన్నట్టే. ద్వారకానగర్‌లో బిల్డింగులు వెనక్కి జరిగాయి, ముందు జాగా బైకులకు పోయింది. సెల్లార్ ర్యాంపు వచ్చిన ప్రతిచోటా ఫుట్‌పాత్ తెగి, నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగాల్సిందే. నడకదారులకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన ప్రమాణం ఐఆర్‌సీ 103 ప్రకారం అడ్డంకుల్లేని నడకదారి కనీసం 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతాల్లో 2.5 మీటర్లు ఉండాలి. అంచురాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ట్రాన్స్‌ఫార్మరూ, మెట్లూ, బోర్డూ పోగా మిగిలినదాన్నే కొలవాలి.

ఇక ఉప్పుగాలి సంగతి. గానుగ సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చి మళ్లీ వదిలేస్తుంది. దానిమీద సిమెంట్ పూస్తే చెమ్మ బయటికి రాలేక, పూత వెనక ఉప్పు పేరుకుని పెచ్చులూడుతుంది. పాత ఇళ్ల రిపేర్లలో ఎక్కువగా జరిగే తప్పిదం ఇదే. ఆ సిమెంటంతా చెక్కేసి, ఇటుకల సందులు తోడి, గోడను బాగా ఆరనిచ్చాక మళ్లీ సున్నమే పూయాలి. పైన ప్లాస్టిక్ పెయింటు వద్దు, వెల్ల చాలు.

కొత్త కాంక్రీటుకు ఊచల దగ్గర దెబ్బ. తీరప్రాంతంలో ఊచ మీద ఉండాల్సిన కాంక్రీటు మందం, అంటే కవరు, కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 45 మిల్లీమీటర్లు. ఊచను ఆ దూరంలో నిలిపే కవర్ బ్లాకులు పెట్టకుండా పోసిన సజ్జాల అంచుల్లో ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పగులుతుంది. అద్దాల ముఖాల బలమెంతో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూపించింది.

వన్‌టౌన్‌కూ ఇబ్బందులున్నాయి. కారు పెట్టే చోటుండదు, సరుకు దించే ఆటో ఒకటి ఆగితే సందు మూసుకుపోతుంది, ఫైరింజను తిరగలేదు. పెద్ద షోరూమ్ పెట్టాలంటే ద్వారకానగరే నయం.

రోడ్డు వెడల్పు చేస్తామని వన్‌టౌన్‌లో ముందు వరండాలు కొట్టేయకూడదు. నీడా, అరుగూ రెండూ పోతాయి. సరుకు దించడానికి తెల్లవారుజాము వేళలు కేటాయిస్తే సగం ఇరుకు తగ్గుతుంది. ద్వారకానగర్‌లో ర్యాంపు వాలు స్థలం లోపలే మొదలవ్వాలి, ఫుట్‌పాత్ ఒకే మట్టంలో సాగాలి. దాన్ని ఎక్కి దిగాల్సింది కారే.