థండర్‌బర్డ్ 350ని కేఫ్ రేసర్ చేయించాక: నెల్లూరు రోడ్ల మీద మూడేళ్ళు

కేఫ్ రేసర్ అంటే పాత రేసు బండి తీరులో, ముందుకి వంగి కూర్చునేలా మార్చిన బండి. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్. ముందే చెప్పేస్తా. తెల్లారుజామున లేచి మైపాడు బీచ్ దాకా పోయి టీ తాగి వచ్చేవాళ్ళకి ఈ బండి పండగే. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ మీదుగా నంద్యాల పోయే అలవాటున్నవాళ్ళు మాత్రం తమ టూరింగ్ బండిని ఉన్నదున్నట్టు ఉంచుకోవడమే మేలు. నాకు రెండు సరదాలూ ఉన్నాయి. అందుకే మెకానిక్‌కి ఒకటే షరతు పెట్టా: ఫ్రేమ్ మీద రంపం పడకూడదు, విప్పిన ప్రతి సామానూ మళ్ళీ బిగించుకునేలా ఉండాలి. ఇన్నాళ్ళలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ షరతే.

బండి 2013 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 346 సీసీ, సుమారు 20 హెచ్‌పీ, 20 లీటర్ల ట్యాంకు. ఇంజన్ జోలికి పోలేదు. ఎత్తుగా ఉండే హ్యాండిల్ తీసి ఫోర్కులకి, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలకి, క్లిప్-ఆన్లు (ఒక్కో చేతికి విడిగా, కిందకి ఉండే పొట్టి హ్యాండిళ్ళు) బిగించారు, ఫుట్‌రెస్టుల బదులు వెనక్కి జరిగిన రేర్‌సెట్లు వచ్చాయి, వెనక మూపురం ఉన్న సింగిల్ సీటు. అంతే. 1960ల్లో లండన్ ఏస్ కేఫ్ దగ్గర చేరే కుర్రాళ్ళు గంటకి వంద మైళ్ళు, అంటే 160 కిలోమీటర్లు అందుకోవాలని బండ్లని ఇలా మార్చుకునేవాళ్ళు. నా బండికి ఆ మాట అనవసరం. గంటకి 90 కిలోమీటర్లు దాటితే చాలు, చేతులు జివ్వుమంటాయి. మామూలు హ్యాండిల్‌తో ఇంత తెలిసేది కాదు. క్లిప్-ఆన్లు నేరుగా ఫోర్కు గొట్టాలనే పట్టుకుని ఉంటాయి కాబట్టి అదురంతా అరచేతుల్లోకే వస్తుంది. హ్యాండిల్ చివర బరువులు వేయించాక కొంత తగ్గింది. ఆ చివర్లకే తగిలించిన అద్దాల్లో మాత్రం వెనకొచ్చేది లారీయో బస్సో ఇప్పటికీ తేలదు.

కూర్చునే తీరు సంగతి. వీఆర్సీ సెంటర్ నుంచి గాంధీబొమ్మ దాకా ట్రాఫిక్‌లో పోతే మణికట్లు పీకుతాయి. బ్రేక్ కొట్టిన ప్రతిసారీ ఒంటి బరువంతా వాటి మీదే. అదే హైవే ఎక్కి 75, 80లో పోతుంటే ఎదురుగాలి ఛాతీని కాస్త పైకి నెడుతుంది, చేతులు తేలికవుతాయి. ఈ బండి ఊళ్ళోనే అలసట, రోడ్డెక్కితే హాయి. మొదటిసారి చూసి మా నాయన అన్న మాట: "ఏందిరా, బర్రెకి పాలు పితికేవాడి మాదిరి వంగి కూర్చున్నావు?"

థండర్‌బర్డ్‌కే ఉన్న తంటా ఇంకోటుంది. ట్యాంకు వెడల్పు. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే బొటనవేలు గ్రిప్పుకీ ట్యాంకుకీ మధ్య నలుగుతుంది. స్టీరింగ్ ఆగే చోట లేత్ షాపులో చిన్న ముక్క చేయించి బిగించాం. వేలు బతికింది గానీ యూటర్న్ పెద్దదైపోయింది. ఇరుకు సందులో బండి తిప్పాలంటే దిగి నెట్టుకోవడమే. కిక్ రాడ్ కుడివైపు రేర్‌సెట్‌కి తగులుతుంది, కాబట్టి మడిచే రకం తీసుకోండి. గేరు లివర్ వెనక్కి పోయింది కాబట్టి మధ్యలో ఒక రాడ్ వస్తుంది. దాని రెండు చివర్ల కీళ్ళు అరిగితే గేరు పడీ పడనట్టు ఉంటుంది. గ్రీజు మరవకూడదు.

ఎయిర్‌బాక్స్ (ఇంజన్‌కి పోయే గాలిని వడకట్టే డబ్బా) పీకేసి పాడ్ ఫిల్టర్ (బయటికే ఉండే చిన్న గాలి ఫిల్టర్) పెట్టమని చాలామంది చెప్పారు, వద్దన్నా. గాలి ఎక్కువైనప్పుడు కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ కూడా మార్చకపోతే పెట్రోలు చాలక ఇంజన్ కాగిపోతుంది. మన ఎండలకి అది అసలు పనికిరాదు. పైగా చీమకుర్తి వైపు పోతే గ్రానైట్ లారీల దుమ్ము ఉండనే ఉంది. పొగగొట్టానికి గుడ్డపట్టీ చుట్టడం కూడా ఫొటోల్లోనే బాగుంటుంది. ఉప్పుగాలి తగిలే చోట ఆ పట్టీ చెమ్మని పట్టుకుని లోపల గొట్టాన్ని తినేస్తుంది. మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పొట్టి మడ్‌గార్డ్ పుణ్యమా అని ఆ మూడు నెలలూ చొక్కా వీపు మీద బురద చార ఖాయం.

చట్టం మాటా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. జరిమానా ఒక్కో మార్పుకి ఐదు వేలు, లేదా ఆరు నెలల దాకా జైలు, కొన్నిసార్లు రెండూ. ఫ్రేమ్ కోయొద్దనడానికి అదీ ఒక కారణం. సైలెన్సర్ కంపెనీదే, రంగు ఆర్సీలో ఉన్నదే. అయినా ఆపి అడిగితే క్లిప్-ఆన్లకి నా దగ్గర జవాబు లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా మారిస్తే క్లెయిమ్ దగ్గర తిరకాసు పెట్టే అవకాశముంది, ముందే అడగండి.

మొత్తం నలభై వేలు దాటింది. అందులో దండగ అనిపించింది సీటు ఒక్కటే. బయట ఊరు వర్క్‌షాప్ నుంచి తెప్పించాం. పైన కుట్టు అద్దంలా ఉంది, లోపల స్పాంజ్ వేలి మందం. ఒక ఎండాకాలానికే అణిగి పలకైంది. చివరికి ఇక్కడే సీటు కవర్లు కుట్టే ఆయన గట్టి స్పాంజ్ కింద, మెత్తటిది పైన వేసి సరిచేశాడు. ఇప్పుడు కావలి దాకా ఆగకుండా పోగలుగుతున్నా. అంతకంటే దూరమైనా, వెనక మా ఆవిడ కూర్చోవాలన్నా, అటక మీద నుంచి పాత సీటూ హ్యాండిలూ దించాల్సిందే. కేబుళ్ళతో సహా మార్చడానికి ఒక పూట పడుతుంది.