ఎయిర్ ప్యూరిఫయర్: ఫిల్టర్ కంటే ఆ అంకే ఎక్కువ పనికొచ్చింది

ఇది మా ఇంటికొచ్చి మూడేళ్లు దాటింది. హెపా ఫిల్టర్, వైఫై, నైట్ మోడ్ గురించి అందరూ రాసేశారు, నేను వదిలేస్తున్నా. నాకు నచ్చింది ముందు ప్యానెల్ మీద వెలిగే పీఎం 2.5 అంకె, అంటే గాల్లో అతి సన్న కణాలు ఎంతున్నాయో చెప్పే అంకె.

మాది విశాఖలో జ్ఞానాపురం వైపు. పోర్టు బొగ్గు దుమ్ము సంగతి ఇక్కడివాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. డాబా మీద తెల్లచొక్కా ఆరేసి చూడండి. అమ్మకి ఉబ్బసం కాబట్టి కొన్నాం. మొదటి చలికాలంలో ఓ రాత్రి, ఎప్పుడూ పదీ పదిహేను చూపించే అంకె ఉన్నట్టుండి రెండొందలు దాటి ఎర్రగా వెలిగింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. పోర్టుని నాలుగు తిట్టి వెతికితే, అమ్మ మంచం కింద దోమల కాయిల్! బయట పడేశాక అరగంటలో అంకె దిగొచ్చింది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత పీఎం 2.5 వస్తుందని 2003లో ఓ పరిశోధన లెక్కగట్టింది. ఆ మర్నాడే దోమతెర కట్టాం. అర్ధరాత్రి లేచి అమ్మ ఇన్‌హేలర్ తడుముకోవడం తగ్గింది. డాక్టరు మందు మార్చిందీ అప్పుడే లెండి, పుణ్యమంతా దీనిదే అనలేను.

నల్లదుమ్ము మాత్రం పోలేదు. బొగ్గురవ్వలు బరువు, మెషీన్ దాకా వెళ్లకుండానే నేల మీద వాలిపోతాయి. ఊపిరితిత్తుల లోతుకి, అక్కణ్నుంచి రక్తంలోకి చేరే సన్నకణాలనే ఇది బాగా పడుతుంది. తడిగుడ్డ పెట్టడం తప్పదు.

నిరుడు ఆ అంకే మొండికేసింది. పోపు వేసినా 6, సాంబ్రాణి వేసినా 6. సర్వీసు వాళ్లు ఫిల్టర్ మార్చమన్నారు. వేలు పోసి మార్చినా 6. చివరికి పక్కనున్న చిన్న మూత తీసి, సెన్సర్ కన్నుని పొడి ఇయర్‌బడ్‌తో తుడిస్తే నల్లగా మసి వచ్చింది. అంతే, అంకెకి ప్రాణమొచ్చింది. ఆ ముక్క ఫోన్లో చెప్పడానికి వాళ్లకేం అడ్డొచ్చిందో! అప్పట్నుంచి పెరిగిందా తగ్గిందా అన్నదే చూస్తున్నా. 24 గంటల సగటుకి మన దేశ పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, డబ్ల్యూహెచ్‌ఓ 2021లో పెట్టింది 15. ఆ గీతకి ఇటున్నామా అటున్నామా తేల్చేంత నమ్మకం ఈ సెన్సర్ మీద లేదు.

2020 మే 7న వెంకటాపురంలో లీకైన స్టైరిన్ లాంటి విషవాయువు వస్తే కాపాడుతుందా అని పక్కింటాయన అడిగారు. కాపాడదండీ. హెపా పట్టేది కణాలని, వాయువుని కాదు. ఇందులో వాయువుల్ని పీల్చుకునే కార్బన్ పొర కూడా పలచనే.

మూసిన గది, ఏసీ, ఇంట్లో ఆయాసం మనిషి ఉంటే తీసుకోవచ్చు. మధురవాడలో కిటికీలు బార్లా తెరుచుకుని పడుకునే మా బావగారికి మాత్రం వద్దన్నాను. ఆ డబ్బు కిటికీలకి దోమల మెష్ మీద పెట్టమన్నాను.