గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: బస్తీలో వీఐఏనా, హెచ్‌పీవీ పరీక్షనా?

2030 నాటికి టీకా, పరీక్ష, చికిత్సల్లో వరుసగా 90-70-90 శాతం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లక్ష్యం పెట్టింది. మధ్యలోని 70 అంటే, నూటికి 70 మంది మహిళలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45లోపు మరోసారి మంచి పరీక్ష జరగాలి. హైదరాబాద్ బస్తీల్లో అది ఏ పరీక్షతో సాధ్యం?

మన జాతీయ కార్యక్రమం నమ్ముకున్నది వీఐఏ, అంటే కంటితో చూసి చేసే పరీక్ష. నర్సమ్మ ముఖద్వారం మీద పలచని ఎసిటిక్ యాసిడ్ అద్ది, ఒక నిమిషం ఆగుతుంది. తెల్లమచ్చ తేలితే అనుమానం. ఖర్చు తక్కువ, ఫలితం అక్కడికక్కడే. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషిని మళ్లీ తిప్పక్కర్లేదు. కానీ అంతా చూసే కంటి మీదే ఆధారం. ముట్లు ఆగినవాళ్లలో సరిగా కనిపించదు కూడా.

హెచ్‌పీవీ పరీక్ష ఈ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌నే పట్టుకుంటుంది. 2021 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగా చెప్పేది దీన్నే. నమూనా ఎవరికి వారే తీసుకోవచ్చు. "ఆ బల్ల మీద పడుకోవాలంటే సిగ్గే అమ్మా" అని మా పిన్ని రెండుసార్లు వెనక్కి వచ్చేసింది. ఆమెలాంటి వాళ్లకు ఇదెంత ఊరటో! నెగెటివ్ వస్తే సాధారణంగా మళ్లీ పరీక్ష ఐదేళ్ల తర్వాతే. చిక్కల్లా ల్యాబ్ ఖర్చు, పాజిటివ్ వచ్చినవాళ్లను వెతికి పిలవడం.

నా ఓటు హెచ్‌పీవీకే, ఇంటికెళ్లి పిలిచే ఆశా కార్యకర్త ఉన్నచోట. ల్యాబ్ అందని చోట వీఐఏ ఆపొద్దు. పాజిటివ్ వచ్చిన ఆమెను మాత్రం, అవసరమైతే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దాకా, ఎవరో ఒకరు వెంట ఉండి తీసుకెళ్లాలి.