పెడల్ బాక్సా, రీమ్యాపా, కాలు మార్చుకోవడమా? టర్బో కారు పికప్‌కు ఏది మేలు?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒకరు, జయపురం నుంచి ఇంకొకరు, బరంపురం నుంచి మరొకరు. కొత్తగా టర్బో పెట్రోలు కారు కొన్న మనవాళ్లు ఫోను చేస్తే క్షేమసమాచారాలయ్యాక వచ్చే ప్రశ్న ఒక్కటే. "అన్నా, 150 హార్స్‌పవర్ అన్నారు. తొక్కితే కాసేపు ఆలోచించి గాని కదలడం లేదు. పెడల్ బాక్సు పెట్టించుకోమంటారా, రీమ్యాప్ చేయించమంటారా?" పెడల్ బాక్సంటే కాలి తొక్కుడును పెంచి చూపే చిన్న పెట్టె, రీమ్యాపంటే ఇంజిన్ కంప్యూటరు ప్రోగ్రామునే మార్చడం. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే నాకూ నయం. నేను నడుపుతున్నది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5, ఆరు గేర్ల మాన్యువల్. దానికి ముందు ఏళ్ల తరబడి యాక్సిలరేటరుకు కేబుల్ ఉన్న పాత మారుతి జెన్ నడిపాను. అందువల్ల నా మొగ్గు ఎటో రెండు పేరాల్లోనే బయటపడుతుంది. దాచే ప్రయత్నం చేయను.

యాక్సిలరేటరు పెడల్‌కు కేబుల్ పోయి కరెంటు తీగ వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. పెడల్ దగ్గరి సెన్సర్లు కాలు ఎంత లోపలికి వెళ్లిందో చెబుతాయి. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, దాన్ని "ఇంత టార్క్ (తిప్పే బలం) కావాలి" అన్న కోరికగా చదువుకుంటుంది. ఆపైన గేరు, టైర్ల పట్టు, పొగ నిబంధనలు, ఏసీ భారం అన్నీ చూసుకుని గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ ఎంత తెరవాలో తానే తేలుస్తుంది. ఇక్కడ జరిగే ఆలస్యం ఒకటి. గాలి లోపలికి వెళ్లి, మండి, ఆ పొగ టర్బో చక్రాన్ని తిప్పి, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి, అంటే బూస్ట్, పుట్టేదాకా పట్టే సమయం రెండోది. అడిగేవాళ్లంతా ఈ రెంటినీ కలిపి "పికప్ లేదు" అనేస్తారు. మందు మాత్రం దేనికదే వేరు. నా మటుకు ఏది కొనాలన్న దానికంటే, ఈ రెంటిలో మిమ్మల్ని వేధిస్తున్నది ఏదన్నదే అసలు తేలాల్సిన విషయం.

తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. జయపురం దాటాక బొరిగుమ్మ వైపు రోడ్డు చదునుగా ఉంటుంది. ముందూ వెనకా బండ్లు లేని చోట మూడో గేరులో 1,400 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర నిలకడగా పోతూ పెడల్‌ను సగం దాకా తొక్కండి. తర్వాత అదే గేరులో 2,500 దగ్గర, అంతే మేర తొక్కండి. మొదటిసారి నీరసంగా ఉండి రెండోసారి చటుక్కున లాగితే మీ బాధ టర్బోది, పెడల్‌ది కాదు. రెండుసార్లూ ఒకేలా మొద్దుగా ఉంటే అప్పుడు పెడల్‌ను అనుమానించవచ్చు. ఆటోమేటిక్ అయితే ఈ పరీక్ష మాన్యువల్ మోడ్‌లో చేయాలి. లేకపోతే మధ్యలో గేరుబాక్సు దూరి లెక్క చెడగొడుతుంది. నన్ను అడిగి ఈ పరీక్ష చేసి చూసినవాళ్లలో ఎక్కువమందికి తేలింది మొదటిదే.

నా కారులోని ఈ 1.5 ఇంజిన్ 250 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 1,600 ఆర్పీఎం నుంచే ఇస్తుందని బ్రోచరులో ఉంటుంది. అది అబద్ధం కాదు. అయితే పెడల్ పూర్తిగా తొక్కి ఉంచి, బూస్ట్ నిండుగా చేరాక వచ్చే లెక్క అది. అప్పటిదాకా ఖాళీగా తిరుగుతున్న టర్బోకు హఠాత్తుగా పని చెబితే 1,600 దగ్గర వెంటనే అంత టార్క్ చేతికి రాదు.

ఇక పెడల్ బాక్సు. పెడల్ ప్లగ్గుకూ వైరింగుకూ మధ్య తగిలించే చిన్న పెట్టె ఇది. మీరు పావు వంతు తొక్కితే సగం తొక్కారని ఈసీయూకు చెబుతుంది. పూర్తిగా తొక్కితే పెట్టె ఉన్నా లేకున్నా ఒకటే. తూకపు రాయి మార్చినంత మాత్రాన బస్తాలో బియ్యం పెరగవు కదా. దీనికీ మంచి గుణాలున్నాయి. బిగించడం, పీకడం నిమిషాల పని. ఈసీయూ ప్రోగ్రాము జోలికి పోదు. బరంపురం గిరి రోడ్డు లాంటి రద్దీలో సందు దొరికినప్పుడల్లా కారు చురుగ్గా దూకుతున్నట్టు ఉంటుంది. కొన్నవాళ్లు తొలి రోజుల్లో సంబరపడేది అందుకే.

ఘాటులో కథ మారుతుంది. సాలూరు దాటి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే దారి సంగతి మనకు కొత్త కాదు. హెయిర్‌పిన్ మలుపులో ముందు ఒక లారీ నడక వేగంతో పాకుతూ ఉంటుంది. వానాకాలమైతే మలుపు లోపలి అంచున కొండ మీంచి కొట్టుకొచ్చిన కంకర, మట్టి పరుచుకుని ఉంటాయి. అక్కడ కావలసింది పెడల్ మొదటి మూడో వంతులో వెంట్రుకవాసి నియంత్రణ. బొటనవేలి కింద ఇంకొంచెం, ఇంకొంచెం అన్నట్టు బలాన్ని పంచగలగాలి. పెట్టె పదునైన సెట్టింగులో ఉంటే ఆ మూడో వంతులోనే దాదాపు శక్తంతా ఇరుక్కుంటుంది. మిగతా మూడింట రెండు వంతుల పెడల్ అలంకారం. కాలు కొంచెం కదిలితే ముందు చక్రాలు కంకర మీద జారి, ఆ జారుడును ఆపే ట్రాక్షన్ కంట్రోల్ దీపం మినుకుతుంది. ఆ వ్యవస్థ శక్తి కోసేస్తుంది. మీరు వేగం కోసం పెట్టించిన పెట్టె మిమ్మల్ని సరిగ్గా అవసరమైన చోట ఆపుతుందన్నమాట. వెనక సీట్లో అమ్మగారు కూర్చుని ఉంటే మూడో మలుపుకే నిమ్మకాయ అడుగుతారు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని అమ్మేవాళ్లు చెప్పరు. నేరుగా సిలిండరులోకి పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజిన్లకు తక్కువ ఆర్పీఎంలో ఎక్కువ భారం పడితే, స్పార్కు రాకముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఉంది. తీవ్రంగా వస్తే పిస్టన్ పగలగలదు. ఇంజిన్ ఆయిల్ ప్రమాణాల్లో ఏపీఐ ఎస్పీ అనే శ్రేణి వచ్చింది కొంతవరకు దీని కోసమే. మామూలు పెడల్‌తో మూడో గేరులో 1,300 దగ్గర మీరు అలవాటుగా మెల్లగా తొక్కేవారు. పెట్టె దాన్ని గట్టి తొక్కుడుగా మార్చి పంపిస్తుంది. ఈసీయూలో కాపలాలు ఉన్నాయి, నిజమే. ఆ కాపలాను రోజూ పరీక్షించడం ఎందుకు?

రీమ్యాప్‌కు వస్తే, నిజంగా మార్పు తెచ్చేది ఇదొక్కటే. బూస్ట్ లక్ష్యం, టార్క్ హద్దులు, పెడల్ లెక్క అన్నీ మారతాయి. మంచి చేతిలో పడితే బూస్ట్ పుట్టే తీరు కూడా మెరుగవుతుంది. వారంటీ పోయే ప్రమాదం, బీమా కంపెనీకి చెప్పాల్సిన బాధ్యత, బండిలో మార్పుల మీద ఆంక్షలు పెట్టే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, ఇవన్నీ మీకు తెలిసినవే. నేను అదనంగా చెప్పేది రెండే ముక్కలు. మీది ఇదే 1.5 ఇంజిన్‌తో ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) అయితే అందులోని డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) గేరుబాక్సు 250 న్యూటన్ మీటర్ల కోసం తయారైంది. ఇంజిన్ ఇప్పటికే ఆ హద్దు మీదే నిలబడి ఉంది. దాని పైన ఇంకా టార్క్ ఎక్కించి, వేసవిలో లారీల వెనక ఆగుతూ కదులుతూ ఘాటు ఎక్కితే క్లచ్ ఏమవుతుందో ఊహించుకోవచ్చు. రెండోది దూరం. ఏదైనా తేడా వస్తే కొరాపుట్ జిల్లా వాళ్లలో చాలామంది కొండ దిగి విశాఖ దాకా పోవాల్సిందే. మాన్యువల్ ఉండి, వారంటీ తీరిపోయి, క్లచ్ మార్చే ఖర్చుకు సిద్ధపడినవాళ్లు చేయించుకుంటే కాదనను.

ఆటోమేటిక్ వాళ్లకు నా జవాబు చిన్నది. గేరు లీవరును ఎస్ (స్పోర్ట్)లో పెట్టండి. ఆర్పీఎం పైనే నిలుస్తుంది కాబట్టి టర్బో నిద్రపోదు. ఘాటులో స్టీరింగు వెనక ఉండే పాడిల్స్ అనే మీటలతో గేరు మీరే దించుకోండి. ఇందుకు వేరే పెట్టె కొనక్కర్లేదు.

మాన్యువల్ వాళ్లు కాలును మార్చుకోవడమే నా ఓటు. ఏళ్ల తరబడి కేబుల్ కారు నడిపిన కాలికి ఒక అలవాటు ఉంటుంది. కారు కదలకపోతే ఇంకా నొక్కుతుంది. టర్బో కారులో ఆ ఇంకా నొక్కడమే తంటా. మొదటి తొక్కుడు అడిగిన బూస్ట్ వచ్చే వేళకు రెండో తొక్కుడు కూడా జమపడి, కారు ఒక్కసారిగా ఉరుకుతుంది. దానికి బదులు ముందుగా, తక్కువగా తొక్కి, పట్టి ఉంచాలి. మలుపుకు ముందే బ్రేకు వేసి రెండో గేరుకు దించితే ముల్లు 2,000 దాపున ఉంటుంది. మూడో గేరులోనే తిరిగితే 1,400కు జారిపోయి, మలుపు దాటాక లారీ పక్కన మీరు ఎదురుచూస్తూ ఉంటారు. మలుపు నడుమకు వచ్చేసరికి పెడల్ మీద కాస్త బరువు మొదలుపెడితే, స్టీరింగు తిన్నగా అయ్యే వేళకు బూస్ట్ సిద్ధంగా ఉంటుంది. ఎదురుగా రోడ్డు కనిపించే చోట లారీని దాటాలంటే, దాటబోయే ముందే గేరు దించి, పెడల్‌ను పూర్తిగా వదలకుండా ఉంచండి. వదిలేస్తే బూస్ట్ జారిపోతుంది. మళ్లీ మొదటి నుంచి కథ.

ఎడమ కాలితో బ్రేకు, కుడి కాలితో రేజు అనే పాత విద్య ఇక్కడ పనికిరాదు. రెండూ ఒకేసారి నొక్కితే చాలా కార్లలో ఈసీయూ ఇంజిన్ శక్తిని కోసేస్తుంది. క్లచ్ నొక్కినా ఆర్పీఎం వెంటనే పడకుండా కాసేపు వేలాడడం కూడా రోగం కాదు, పొగ నిబంధనల కోసం కావాలని అలా పెట్టినదే. గేరు మార్చే వేగాన్ని దానికి తగ్గట్టు సర్దుకుంటే సరి.

ఎత్తు గురించి కూడా అడుగుతుంటారు. కొరాపుట్ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. టర్బో లేని ఇంజిన్ అక్కడ పదో వంతుకు దగ్గరగా బలం కోల్పోతుంది. టర్బో ఆ లోటును పూడుస్తుంది గాని అందుకు మరింత వేగంగా తిరగాలి, అందువల్ల కింద ఆర్పీఎంలో ఆలస్యం ఇంకాస్త తెలుస్తుంది. రాయగడలో మే నెల మధ్యాహ్నం వేడిగాలి పీల్చిన ఇంజిన్ స్పార్కు సమయాన్ని వెనక్కి జరుపుకుని మందగిస్తుంది. అదే కారు సాయంత్రానికి మళ్లీ హుషారవుతుంది. దాన్ని చూసి కారు పాడైందనుకోకండి.

మిగతావి క్లుప్తంగా. ఖరీదైన ఎయిర్ ఫిల్టరు శబ్దం ఇస్తుంది, అంతే. బాగా తిరిగిన కారుకు థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించి అడాప్టేషన్ (దాని స్థితిని ఈసీయూకు మళ్లీ నేర్పడం) చేయిస్తే మంచిదే, కొత్త కారుకు అక్కర్లేదు. పెట్రోలులో కలిపే ఆక్టేన్ పెంచే సీసాల జోలికి వెళ్లకండి.

పెట్టె ఇప్పటికే కొనేసి ఉంటే పారేయనక్కర్లేదు. చాలావాటిలో పెడల్‌ను మొద్దుబార్చే సెట్టింగు కూడా ఉంటుంది. సాలూరు దాటగానే పెట్టెను ఆ సెట్టింగులోకి మార్చండి, లేదా ఆపేయండి. వానాకాలంలో ఘాటు మీద ఆ మెత్తదనమే మీకు సాయం. సిమిలిగుడ చేరి రోడ్డు చదునయ్యాక మీ ఇష్టం.