అంబాసిడర్‌ల కొత్త హీటర్, నాలుగు సలికాలాలు వాడినంక

వరంగల్‌ల ఉండేటోనికి కార్ల హీటర్ ఎందుకు అని నవ్వేటోల్లు నవ్వుర్రి, మే నెలల 44 డిగ్రీలు కొట్టే ఊరే మనది. కానీ మా అక్కనిచ్చింది ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడల. సంక్రాంతికి తోలుకరావాల్నంటే నడిరాత్రి బండి తియ్యాలె, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు మనం ఇడిసే ఊపిరికే అద్దం తెల్లగైతది, ఒక చేతిల స్టీరింగు ఒక చేతిల తువ్వాల.

బండి 1984 మార్క్ 4, 1489 సీసీ పెట్రోల్. నాయిన నాగ్‌పూర్‌ల కొన్నప్పుడే అండ్ల పాత హీటర్ ఉండె. కొన్నేండ్లకు లోపల ఏదో తియ్యటి వాసన, అద్దం మీద ఎంత తుడ్సినా పోని జిడ్డు, పక్క సీటు కింద మ్యాట్ తడి. నేను వాన నీళ్లనుకున్న, డిసెంబర్ల వానేడిది! హీటర్ కోర్, అంటే ఇంజన్ల కాగిన కూలెంట్ నీళ్లు తిరిగే చిన్న జాలి, లీకై ఆ కూలెంట్ కారుతుందన్నట్టు.

ఆన్‌లైన్‌ల 12 వోల్టుల కిట్ తెప్పిచ్చిన, రాగి కోర్, రెండు స్పీడ్ల బ్లోవర్, 5,800 పడ్డది. పాత బోల్టుల రంధ్రాలు కలవకపోతే ఆటోనగర్‌ల పట్టీ వెల్డింగ్ చేపిచ్చి డ్యాష్‌బోర్డ్ కింద బిగిచ్చినం. తీరా ఆన్ జేస్తే గోరువెచ్చటి గాలి. అమ్మినోనితోటి నాలుగు రోజులు ఫోన్ల లొల్లి పెట్టుకున్న, పాపం ఆయన తప్పేం లేదు. మెకానిక్ చాచా ఇంజన్ మీది హౌసింగ్ ఇప్పి సూస్తే థర్మోస్టాటే లేదు, ఇంజన్ వేడెక్కేదాంక కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనియ్యని వాల్వు అది! ఎండాకాలం బండి వేడెక్కుతుందని ఎవరో ఎప్పుడో పీకి పడేసిన్రు, "నేనే తీసిన కావచ్చు బేటా" అని చాచానే నవ్విండు. 82 డిగ్రీలకు తెర్సుకునేది కొత్తది ఏసి, ముక్కు పైకుండేటట్టు ఎత్తు మీద బండి నిలబెట్టి, రేడియేటర్ మూత తీసి స్టార్ట్ జేసి ఉంచితే కూలెంట్‌ల ఇరికిన గాలి బుడగలన్నీ పోయినయ్, ఇగ కాళ్లు కాలేంత వేడి. మీరు గూడ హీటర్‌ను తిట్టేముందు థర్మోస్టాట్ ఉన్నదో లేదో సూస్కోండి.

కిట్ల అసలు దరిద్రం కోర్‌కు ఉడుకు కూలెంట్ బంద్ జేసే ట్యాప్. ప్లాస్టిక్‌ది, రెండో ఎండాకాలానికే పూర్తిగ బంద్ కాలే, ఏప్రిల్‌ల హన్మకొండ చౌరస్తా కాడ కాళ్ల మీదికి ఉడుకు గాలి, ఇంట్లోల్లు నన్ను సంపుడొక్కటే తక్కువ. అది తీసేసి హోస్ మధ్యల ఇత్తడి వాల్వు పెట్టిచ్చిన. బానెట్ లేపి తిప్పాలె గానీ ఏడాదికి రెండుసార్లే గదా, ఉగాదికి బంద్, దీపావళికి ఆన్.

అనుకోని లాభం ఒకటున్నది. 2024 ఫిబ్రవరిల మేడారం జాతరకు పోతుంటే తాడ్వాయి కాడ ట్రాఫిక్‌ల ఇంజన్ వేడి ముల్లు మీదికి పోవట్టింది, హీటర్ ఫుల్లు పెట్టి అద్దాలు దించినం. ఇంజన్‌కు అదింకో చిన్న రేడియేటర్ లెక్కనే గదా, జరసేపట్ల ముల్లు దిగింది, లోపల మేం మాత్రం బొగ్గుల మీద కంకులమైనం.

కోర్ ఇప్పటిదాంక లీక్ కాలే. బ్లోవర్ రెండో స్పీడ్‌ల పిండిగిర్నీ మోత, బండి నిలబడ్డప్పుడు హెడ్‌లైట్లు గూడ మసకైతయ్. ఎడమ దిక్కు అద్దం లేటుగ సాఫైతది. ఎనక సీటుకైతే వేడి అందనే అందదు, అక్క ఇప్పటికీ దుప్పటి కప్పుకొనే ఎక్కుతది.