బొగ్గుల కెటిల్ గ్రిల్, హాయ్‌సిన్ గ్లేజ్, పోర్క్ రిబ్స్: ఏళ్ల వాడకం తర్వాత

టెక్సాస్‌లో మా పెరట్లో 22 అంగుళాల బొగ్గుల కెటిల్ గ్రిల్ (మూత ఉండే గుండ్రటి గ్రిల్) ఉంది. కొని చాలా ఏళ్లయింది. చికెన్, పనీర్, మొక్కజొన్న పొత్తులు అన్నీ దాని మీద కాలుస్తాం. కానీ ఎవరైనా "కొనమంటారా?" అని అడిగితే నేను ముందు చెప్పేది పోర్క్ రిబ్స్, అంటే పంది పక్కటెముకల మాంసం గురించే. అదీ హాయ్‌సిన్ (తియ్యగా, చిక్కగా ఉండే చైనా సాస్), సోయా సాస్, తేనె కలిపిన తియ్యటి, ఉప్పటి గ్లేజ్‌తో, అంటే పైన పూసే జిగురు పూతతో. ఈ ఒక్క వంటకం కోసమైనా ఈ గ్రిల్ కొనొచ్చు.

ఎందుకంటే ఈ వంటలో రెండు అవసరాలు ఒకదానికొకటి పడవు. రిబ్స్ మెత్తబడాలంటే గంటల తరబడి వేడి కావాలి. పంది మాంసం లోపల 145 ఫారెన్‌హీట్‌కి చేరి, మూడు నిమిషాలు ఆగితే తినడానికి సురక్షితమేనని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. కానీ ఆ వేడి దగ్గర తీసేస్తే రిబ్స్ నమలలేం. మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పదార్థం బాగా కరగాలంటే 195 నుంచి 203 దాకా పోవాలి. గ్లేజ్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. తేనె, హాయ్‌సిన్ నిండా చక్కెరే కాబట్టి నేరుగా నిప్పు మీద రెండు నిమిషాల్లో మాడి చేదెక్కుతుంది.

కెటిల్‌లో ఈ రెండూ కుదురుతాయి. నిప్పుల్ని ఒక పక్కకి నెట్టి, మాంసాన్ని రెండో పక్కన పెట్టి మూత వేయొచ్చు. రిబ్స్ కింద నీళ్లు పోసిన అల్యూమినియం ట్రే పెడతాను, కారిన కొవ్వు అందులో పడుతుంది. మూత మీది గాలి రంధ్రం మాంసం వైపు ఉండేలా తిప్పితే పొగ రిబ్స్ మీదుగా బయటికి పోతుంది. 1952లో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, షికాగోలో తాను పనిచేసే వెబర్ బ్రదర్స్ కర్మాగారంలో తయారయ్యే ఇనుప బోయ్‌ని (నీళ్లలో తేలే గుర్తు బుంగని) కోసి ఈ గుండ్రటి ఆకారం తెచ్చాడు. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి, నాది వేరే కంపెనీది.

గ్లేజ్‌కి నా కొలత ఇది: అర కప్పు హాయ్‌సిన్, రెండేసి టేబుల్ స్పూన్లు సోయా సాస్, తేనె, ఒక స్పూన్ రైస్ వెనిగర్, అల్లం, వెల్లుల్లి తురుము, చివర్లో కొంచెం నువ్వుల నూనె. ఇందులో చైనా ఫైవ్ స్పైస్ పొడి అర టీస్పూన్ వేస్తాను. అనాసపువ్వు, దాల్చిన చెక్క, లవంగం, సోంపు, సిచువాన్ మిరియం కలిసిన ఈ వాసన మన ముక్కుకి కొత్తేమీ కాదు. మా అమ్మ మొదటిసారి తిన్నప్పుడే "బిర్యానీ మసాలా వేశావా?" అని అడిగింది. సన్న మంట మీద గరిటెకి అంటుకునేంత చిక్కబడితే చాలు. సాసుల్లో ఉప్పు గట్టిగానే ఉంటుంది కాబట్టి మాంసానికి ముందు పట్టించే ఉప్పు తగ్గించాలి. దుకాణంలో దొరికే రెడీమేడ్ గ్లేజులు కొన్ని వాడి చూశాను. తీపి తప్ప ఏమీ తెలియదు. వెనిగర్ పులుపు లేకపోతే మూడో ముక్కకే మొహం మొత్తుతుంది.

బేబీ బ్యాక్ రిబ్స్ (వెన్ను దగ్గరి పొట్టి పక్కటెముకలు) వెనక పొర లాగేసి, 275 ఫారెన్‌హీట్ దగ్గర మూడు గంటలు. యాపిల్ చెక్క ఒక్క ముక్క చాలు, హికరీ చెక్క వేస్తే మసాలా వాసన పోతుంది. పటకారుతో మధ్యలో పట్టి ఎత్తితే రాక్ (విడదీయని పక్కటెముకల వరస) బాగా వంగి పైన పగుళ్లు రావాలి. అప్పుడే బ్రష్ పట్టాలి. పల్చగా ఒక పూత, మూత వేసి ఎనిమిది నిమిషాలు, మళ్లీ ఇంకోటి, ఇంకోటి. మూడో పూతకి రంగు ముదురు ఎరుపుకి తిరిగి, అంచుల దగ్గర చిన్న చిన్న బుడగలు లేస్తాయి. వేలితో తాకితే జిగురుగా అంటుకోవాలి, కారకూడదు. బ్రష్ ముంచే గ్లేజ్ వేరు, నంచుకోవడానికి వేరుగా ముందే తీసి పెట్టుకోవాలి.

ఇక గ్రిల్ లోపాలు. మూత మీది థర్మామీటర్ నమ్మకూడదు, మాంసం పక్కన వేరే ప్రోబ్ (వేడి కొలిచే సూది) పెట్టాల్సిందే. గ్రిల్‌తో వచ్చిన జాలీ తుప్పు పట్టింది, స్టెయిన్‌లెస్ స్టీల్‌ది మార్చాను. కింద గాలి రంధ్రాల రెక్కలు కొవ్వు, బూడిద పట్టి బిగుసుకుపోతాయి, అప్పుడప్పుడు గీకాలి. ఒకేసారి రెండు రాక్‌లకి మించి పట్టవు, పదిమంది వస్తే ఇబ్బందే. తేనె అంటుకున్న జాలీని వేడి మీదే తోమాలి. తీగ బ్రష్ వద్దు, దాని తీగలు ఊడి తిండిలో పడతాయి. ఉండలా నలిపిన ఫాయిల్ బాగా పనిచేస్తుంది. పింగాణీ పూత మాత్రం ఎండకి, వానకి ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు బాల్కనీలో బొగ్గు వెలిగించడానికి అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి, చాలాచోట్ల ఉండదు. అలాంటప్పుడు రిబ్స్‌ని ఫాయిల్‌లో చుట్టి 275 దగ్గర ఓవెన్‌లో మెత్తబడేదాకా ఉంచి, ఫాయిల్ తీసి, బ్రాయిలర్ (ఓవెన్‌లో పైనుంచి మంట కొట్టే భాగం) కింద గ్లేజ్ పూతలు వేయండి. పొగ వాసన రాదు గానీ గ్లేజ్ మాత్రం దాదాపు అలాగే కుదురుతుంది. బ్రాయిలర్ ముందు నుంచి కదలకండి.